గొట్టం బేకా... బేడవా?

నీటి అడుగున దాంతో పనిలేదు. పైకొచ్చాక మాత్రం అదే ఆదుకోవచ్చు. నేత్రాణికి వెళ్లే కుర్రకారులో తెగని స్నార్కెల్ చర్చ

బళ్లారి: మురుడేశ్వర్ అంటే ఒకప్పుడు మనవాళ్లకు శివుడే. 123 అడుగుల విగ్రహం ముందు ఫొటో దిగి, సముద్రంలో కాళ్లు తడుపుకొని, సాయంత్రానికి తిరుగు బస్సెక్కేవారు. ఇప్పుడు ఆ శివుడికి దూరం నుంచే దండం పెట్టి పడవెక్కేవాళ్లూ ఉన్నారు. తీరం నుంచి దాదాపు 19 కిలోమీటర్ల దూరంలో ఉన్న నేత్రాణి దీవికి వారి ప్రయాణం. పావురాల దీవి అని దానికి మరో పేరు. వానాకాలం పోయి సముద్రం తేటపడ్డాక, అక్టోబరు, నవంబరు నుంచి మే దాకా అక్కడ స్కూబా డైవింగ్ సాగుతుంది. బళ్లారి, రాయచూరు, కోలారు, బెంగళూరుల్లో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు శుక్రవారం రాత్రి బయల్దేరి ఆదివారానికల్లా ఇల్లు చేరుకుంటున్నారు.

వీరిలో రెండు రకాలు. మొదటి రకం జీవితంలో ఒక్కసారి నీటి అడుగు చూసి రావాలనుకునేవారు. శిక్షకుడు సిలిండరు పట్టుకొని మరీ తిప్పి తీసుకొస్తాడు. రెండో రకం నాలుగైదు రోజులు శిక్షణ పొంది, కార్డు చేతిలో పెట్టుకొని, సొంతంగా మునిగేవారు. గొట్టం పేచీ ఈ రెండో రకానిదే. పడవలో ఏ గుంపును చూసినా ఇదే వరస.

'అన్నా, ఈ స్నార్కెల్ తీసుకెళ్లాలా? మాస్కును పక్కకు లాగేస్తోంది.'

'తీసి సంచిలో పడెయ్‌రా. వీపున సిలిండరు పెట్టుకొని గొట్టంతో ఏం పని?'

'పైకొచ్చాక తెలుస్తుందిలే ఏం పనో!'

కన్నడ మిత్రులు కలిస్తే 'బేకా, బేడవా' అంటూ అదే చర్చ ఇంకాస్త గట్టిగా సాగుతుంది. చూడ్డానికి చిన్న ప్రశ్నే. దశాబ్దాలుగా ప్రపంచమంతటా డైవర్లు దీని మీద వాదించుకుంటూనే ఉన్నారు.

తామరతూడుతో అయ్యే పనేనా?

పాత జానపద కథల్లో శత్రువులు తరుముతుంటే వీరుడు చెరువులో మునిగి, తామరతూడు నోట పెట్టుకొని గంటల తరబడి దాక్కుంటాడు. దుర్యోధనుడికైతే జలస్తంభన విద్య ఉంది, తూడు అక్కర్లేకపోయింది. మామూలు మనిషికి తూడుతో జానెడు లోతు దాటడమే కష్టం. నీటిలో మీటరు లోతుకు దిగితే ఛాతీ మీద ఒక్కో చదరపు సెంటీమీటరుకు 100 గ్రాముల చొప్పున అదనపు ఒత్తిడి పడుతుంది. ఛాతీ ముందు భాగం వెయ్యి చదరపు సెంటీమీటర్లు అనుకుంటే 100 కిలోల మూట పెట్టినట్టే. పైనున్న గాలిని గొట్టంతో లాగాలంటే ఆ మూటను ఛాతీతో ఎత్తాలి. ఎవరి తరం?

అందుకే స్నార్కెల్ పొట్టిగా ఉంటుంది. పెద్దలు వాడేది 38 సెంటీమీటర్లకు, అందులో పట్టే గాలి 230 మిల్లీలీటర్లకు మించరాదని ఐరోపా ప్రమాణం చెబుతోంది. ఈ రెండో అంకె వెనుకా ఓ కారణం ఉంది. మనం మామూలుగా పీల్చే గాలి ఒక్కో శ్వాసకు అర లీటరు. అందులో 150 మిల్లీలీటర్ల దాకా గొంతులో, శ్వాసనాళాల్లోనే ఆగిపోతుంది. వదిలిన గాలి గొట్టంలో నిలిచి, మళ్లీ లోపలికే వస్తుంది. గొట్టం పొడుగు పెరిగితే పీల్చిన చెడుగాలినే తిరిగి పీలుస్తాం. కంగారుపడి గబగబా చిన్న శ్వాసలు తీస్తే అసలుకే మోసం. నెమ్మదిగా, నిండుగా పీల్చి వదలాలన్నది శిక్షకులు చెప్పే మొదటి మాట.

ఈ ఊపిరి గొట్టం ఆలోచన ఈనాటిది కాదు. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలోనే గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ ఏనుగు తొండాన్ని వర్ణిస్తూ, నీట మునిగేవాళ్లు గాలి కోసం వాడే సాధనంతో పోల్చాడు. స్నార్కెల్ అన్న పేరు మాత్రం రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ జలాంతర్గాములకు అమర్చిన గాలి గొట్టం నుంచి వచ్చింది. ఒక్కమాటలో చెప్పాలంటే ముఖం నీటిలో, వీపు ఎండలో పెట్టి తేలేవాళ్ల పనిముట్టు ఇది.

ఒకప్పుడు ఇది లేకుండా కుదిరేది కాదు

మరి సిలిండరు వేసుకున్నవాడికి ఇదెందుకు అంటగట్టారు? ఫ్రాన్సులో 1943లో కూస్తో, గన్యాన్ కలిసి స్కూబా పరికరానికి రూపమిచ్చారు. ఆ తొలి తరం డైవర్ల వద్ద ఇప్పటి గాలి జాకెట్టు లేదు. నీటిపైన తేలాలంటే కాళ్లాడించాల్సిందే. సిలిండరులో గాలి ఎంత మిగిలిందో చూపే మీటరు కూడా అందరికీ ఉండేది కాదు. గాలి అయిపోవస్తుంటే శ్వాస బరువెక్కుతుంది, అప్పుడు మీట లాగి కొసరు గాలితో పైకి రావాలి. పైకొచ్చేసరికి సిలిండరు దాదాపు ఖాళీ. ఒడ్డు దాకా ఈదుకు రావాలంటే స్నార్కెలే దిక్కు. అలా అది డైవరు సామగ్రిలో తప్పనిసరి వస్తువైంది.

ఆ తర్వాత 1960ల్లో మెడకు తగిలించుకునే గాలి సంచులు, 1970ల్లో జాకెట్టు తరహావి వాడకంలోకి వచ్చాయి. డైవర్లు బీసీడీ అని పిలిచేది దీన్నే. మీట నొక్కితే చాలు, సిలిండరు గాలితో ఉబ్బి మనిషిని తేలుస్తుంది. గాలి మీటరు కూడా ప్రతి ఒక్కరికీ వచ్చింది. గొట్టం పుట్టిన అవసరం చాలావరకు పోయింది. శిక్షణలో మాత్రం అది నిలిచిపోయింది. 1966లో మొదలై ప్రపంచమంతటా విస్తరించిన ప్యాడీ సంస్థ తొలి కోర్సులో ఇప్పటికీ స్నార్కెల్ ఉండాలి. ఈత పరీక్షలో మామూలుగా 200 మీటర్లు ఈదవచ్చు, లేదంటే మాస్కు, ఫిన్స్, స్నార్కెల్‌తో 300 మీటర్లు. నోట్లోంచి స్నార్కెల్ తీసి సిలిండరు తాలూకు రెగ్యులేటర్ పెట్టుకోవడం, అది తీసి మళ్లీ స్నార్కెల్ పెట్టుకోవడం కూడా నేర్పుతారు. కార్డు చేతికొచ్చిన మర్నాటి నుంచి చాలామంది దాన్ని అటకెక్కిస్తారు. శిక్షకుల్లోనే కొందరు తరగతిలో పెట్టుకొని, సెలవు రోజున సొంతంగా మునిగేటప్పుడు వదిలేస్తారు! కొత్తగా నేర్చుకున్నవాడికి అయోమయం ఇక్కడే మొదలవుతుంది.

వద్దనేవారి మాటలోనూ నిజముంది

వద్దనేవాళ్లను బద్ధకస్తులని కొట్టిపారేయలేం. మాస్కు పట్టీకి ఎడమవైపు వేలాడే గొట్టం ప్రవాహంలో గాలికి ఊగే కొమ్మలా కదులుతుంది. ఊగిన ప్రతిసారీ మాస్కు కాస్త పక్కకు జరిగి, అంచు నుంచి నీరు చేరుతుంది. జడ ఉన్న ఆడపిల్లలకు పట్టీలో జుట్టు చిక్కుకోవడం మరో తలనొప్పి.

వలల బెడద ఇంకా పెద్దది. చేపలవేట సాగే మన తీరాల్లో తెగిన వలలు, గాలం తాళ్లు రాళ్లను పట్టుకొని వేలాడుతుంటాయి. నీటి అడుగున ఒంటి మీద నుంచి పొడుచుకొచ్చే వస్తువు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. మునిగిన ఓడల్లోకి, నీటి గుహల్లోకి వెళ్లేవాళ్లు స్నార్కెల్‌ను దగ్గరికి రానివ్వకపోవడానికి కారణం ఇదే. గుహలో పైకొస్తే తగిలేది కప్పురాయి. అక్కడ గొట్టంతో ఏం చేస్తారు?

కంగారులో చేయి తడబడితే ఎలా అన్నది మూడో అభ్యంతరం. మునిగేవేళ జాకెట్టులోని గాలి వదులుతూ రెగ్యులేటర్ అనుకొని స్నార్కెల్ కొరికిపట్టుకున్నవాడు రెండడుగులు దిగేసరికి నోటినిండా ఉప్పునీళ్లు మింగుతాడు. రెగ్యులేటర్ గొట్టం కుడి భుజం మీద నుంచి వస్తుంది కాబట్టి స్నార్కెల్‌ను ఎడమవైపే పెట్టాలన్న నియమం అందుకే ఏర్పడింది. తోటివాడికి గాలి అందక తన నోటిలోని రెగ్యులేటర్‌నే ఇచ్చే పద్ధతి పాటించేవారికి, మెడ చుట్టూ తిరిగే పొడవాటి గొట్టానికి ఇది అడ్డం పడుతుంది కూడా.

ఇక నీటిపైనంటారా, జాకెట్టు ఉబ్బించి వెల్లకిలా పడుకొని, కాళ్లతో తోసుకుంటూ పడవ చేరుకోవచ్చు, నోరు ఆకాశం వైపే ఉంటుంది అంటారు. సముద్రం చెరువులా నిలకడగా ఉన్న రోజున అది అక్షరాలా నిజం.

50 బార్ల లెక్క

సముద్రం చెరువు కాదన్నదే తంటా. పొద్దున వెళ్లేటప్పుడు పళ్లెంలో నీళ్లలా ఉన్నది, మధ్యాహ్నం గాలి లేస్తే మారిపోతుంది. అలల తల మీద నుంచి నురగ చిమ్ముతుంది. వెల్లకిలా ఉన్నవాడికి ఏ అల ఎటు నుంచి వస్తుందో కనపడదు. నిలువుగా తేలేవాడి మూతి మీదికి నేరుగా కొడుతుంది. శ్వాస తీసుకునే క్షణంలో గుక్కెడు నీళ్లు గొంతులోకి పోతే దగ్గు, దగ్గుతో మరో గుక్కెడు, దాంతో భయం. ఈత వచ్చినవాళ్లు కూడా నీటిపైనే ఉక్కిరిబిక్కిరయ్యే తీరు ఇది.

ఈ సంగతి తీరంలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఒడిశాలోని పూరీలో పెంటకోట వాడ మన తెలుగు జాలర్లదే. స్నానాలకు వచ్చిన యాత్రికులను అలల్లోంచి లాగి ఒడ్డుకు చేర్చే నోలియాలు వాళ్లే. వాళ్లు కాపాడేది నడిసముద్రపు లోతుల్లో కాదు, అల విరిగే చోట, నోటికి నీళ్లందే చోట.

అప్పుడు రెగ్యులేటర్ నోట్లో పెట్టుకోవచ్చు కదా అన్న ప్రశ్న వస్తుంది. పెట్టుకోవచ్చు, గాలి ఉంటే! మన దగ్గర ఎక్కువగా వాడే అల్యూమినియం సిలిండరులో 11 లీటర్ల జాగా. 200 బార్ల ఒత్తిడితో నింపితే రమారమి 2,200 లీటర్ల గాలి. నింపాదిగా ఉన్న మనిషి నీటిపైన నిమిషానికి 20 లీటర్లు పీలుస్తాడనుకుందాం. 10 మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపు కాబట్టి ఖర్చు 40 లీటర్లు. 50 బార్లు మిగిలేసరికి పైన ఉండాలన్నది సాధారణ నియమం. అంటే 550 లీటర్లు కొసరు. కదలకుండా ఉంటే 27 నిమిషాలు. అలలకు ఎదురీదుతూ రొప్పుతుంటే నిమిషానికి 40 లీటర్లు కూడా చాలవు. అప్పుడు 14 నిమిషాలైనా రాదు. జాకెట్టు ఉబ్బించడానికీ ఆ సిలిండరు గాలే కావాలి. పడవ 300 మీటర్ల అవతల, ప్రవాహం ఎదురు, ఇంకో జంట పైకి రాలేదని పడవ అక్కడే ఆగింది. అలాంటి వేళ 14 నిమిషాలు ఏ మూలకు?

అందరూ 50 బార్లతో పైకొస్తున్నారా అంటే అదీ లేదు. డైవింగ్ మరణాలపై డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సంస్థ నిపుణుల అధ్యయనం 2008లో వెలువడింది. 947 మరణాలను పరిశీలించారు. ప్రమాదం ఎక్కడ మొదలైందో గుర్తించగలిగిన కేసుల్లో 41 శాతానికి మూలం గాలి చాలకపోవడమే. స్నార్కెల్ ఉంటే వీళ్లంతా బతికేవారని అనడం తప్పు. గాలి చూసుకోవడానికి గొట్టం ప్రత్యామ్నాయం కాదు. ఖాళీ సిలిండరుతో పైకొచ్చినవాడి నోటికి మాత్రం గొట్టమొక్కటే ఆసరా.

పైకొచ్చేసరికి పడవ లేకపోతే...

1998 జనవరిలో ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ వద్ద ఓ అమెరికన్ జంటను సముద్రంలోనే మరచిపోయి పడవ వెనక్కి వచ్చేసింది. తలలు సరిగా లెక్కపెట్టలేదు. ఇద్దరు తక్కువయ్యారని గుర్తించేసరికి రెండు రోజులు గడిచాయి. వాళ్ల సామాన్లు కొన్ని ఒడ్డుకు కొట్టుకొచ్చాయి గానీ, వాళ్లు దొరకలేదు. 2008 జూన్‌లో ఇండోనేషియాలోని కొమొడో వద్ద ప్రవాహం ఐదుగురు ఐరోపా డైవర్లను ఎత్తుకుపోయింది. వాళ్లు రింకా దీవికి చేరి, రెండు రోజుల తర్వాత ప్రాణాలతో బయటపడ్డారు. 2014 ఫిబ్రవరిలో బాలి సమీపంలో ఏడుగురు జపాన్ మహిళలు తప్పిపోయారు. ఐదుగురిని మూడు రోజుల తర్వాత రక్షించగలిగారు, ఇద్దరు చనిపోయారు. 2022 ఏప్రిల్‌లో మలేసియాలోని మెర్సింగ్ వద్ద నలుగురు కొట్టుకుపోతే ముగ్గురు బతికారు, 14 ఏళ్ల బాలుడు దక్కలేదు.

వీళ్లెవరికీ నీటి అడుగున ఏమీ కాలేదు. డైవింగ్ ముగించి పైకొచ్చాకే కథ అడ్డం తిరిగింది. అలాంటప్పుడు మనిషికి ముందు కావాల్సింది తేలడం. ఆ పని జాకెట్టుది. తర్వాత కావాల్సింది కనపడటం. అలల మధ్య మనిషి తల కొబ్బరికాయంత, వంద మీటర్ల నుంచే కనిపించదు. అందుకే ఊదితే నిలువుగా లేచే నారింజ రంగు గొట్టం బెలూను, ఈల దగ్గరుండాలి. ఆ తర్వాత నీళ్లు మింగకుండా ఊపిరి తీసుకోవడం. స్నార్కెల్ వచ్చేది ఇక్కడ, మూడో స్థానంలో. బెలూను లేకుండా స్నార్కెల్ ఒక్కటే పెట్టుకొని ధీమాగా ఉండేవాడు వరస తప్పాడన్నమాట. ముఖం నీటిలో పెట్టి గొట్టంతో ఈదేవాడికి పడవ కూడా కనపడదు, నాలుగు బారలు వేసి తలెత్తి చూసుకుంటూ ఉండాలి.

జేబులో పెట్టుకుంటే పోలా

ఇరుపక్షాల వాదనా విన్నాక తేలేదేమిటంటే, పేచీ గొట్టం గురించి కన్నా దాన్ని పెట్టుకునే చోటు గురించే ఎక్కువ. మాస్కుకు తగిలిస్తే ఊగుతుంది, చిక్కుకుంటుంది. మడతపెట్టి చుట్టగా చుట్టేసే మెత్తటి సిలికాన్ గొట్టాలు దుకాణాల్లో దొరుకుతున్నాయి. జాకెట్టు జేబులో పడేస్తే నీటి అడుగున ఉన్నట్టే తెలియదు. రెగ్యులేటర్, జాకెట్టు, కంప్యూటర్ గడియారం ధరలతో పోలిస్తే దీని ఖర్చు లెక్కలోకే రాదు. నేత్రాణి లాంటి చోట, చుట్టూ బహిరంగ సముద్రం ఉండి పడవ మీద ఆధారపడి మునిగేటప్పుడు, జేబులో అది ఉండటమే మేలు. నేర్చుకుంటున్నవాళ్లు శిక్షకుడు చెప్పినట్టు మాస్కుకే పెట్టుకోవాలి, అక్కడ బేరం లేదు. గుహలు, మునిగిన ఓడల్లోకి వెళ్లే శిక్షణ ఉన్నవారి దారి వేరు.

మడత గొట్టానికీ ఓ లోటుంది. అలల్లో తేలుతూ, వణికే చేత్తో జేబు జిప్పు తీసి, చుట్ట విప్పి, మాస్కు పట్టీకి దోపడం ఒడ్డున కూర్చొని అనుకున్నంత సులువు కాదు. జారితే నేరుగా అడుక్కే. మెత్తటివి కొన్ని అల తగిలితే వంగిపోతాయి కూడా. కొనేముందు విప్పి చూసుకోవాలి. జేబులోని కొక్కేనికి చిన్న తాడుతో కట్టుకుంటే జారినా పోదు.

తొలిసారి సరదాగా మునిగేవారికి ఈ చర్చతో పనిలేదు. వాళ్లను 12 మీటర్లు దాటి తీసుకెళ్లకూడదన్నది ప్యాడీ నియమం, శిక్షకుడు పక్కనే ఉంటాడు. పడవెక్కే ముందు వాళ్లు అడగాల్సిన ప్రశ్నలు వేరు. ఒక్కో శిక్షకుడికి ఎంతమంది? ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు పేర్లు పిలిచి లెక్క చూస్తారా? అందరూ నీటిలో ఉన్నప్పుడు పడవలో మనిషి ఉంటాడా? ప్రాణవాయువు సిలిండరు, ప్రథమ చికిత్స పెట్టె ఉన్నాయా? ఇక ఈ మధ్య ముఖమంతా కప్పే స్నార్కెల్ మాస్కులు ఆన్‌లైన్‌లో తెప్పించుకొని వస్తున్నారు కొందరు. అవి నీటిపైన తేలుతూ చేపలు చూడటానికి తయారుచేసినవి. స్కూబాకు పనికిరావు. ముక్కు మూసి చెవుల ఒత్తిడి సరిచేసుకోవడానికి వాటిలో వీలుండదు, నోట్లో రెగ్యులేటర్ పెట్టుకోవడానికీ దారి ఉండదు.

సొంత కార్డు ఉన్నవాళ్లు సీజనుకు ముందు ఊళ్లోని ఈతకొలనులోనే దీన్ని అలవాటు చేసుకోవచ్చు. జాకెట్టు లేకపోయినా నిక్కరు జేబు చాలు. కాళ్లాడిస్తూ తేలుతూ, కళ్లు మూసుకొని, జేబులోంచి గొట్టం తీసి, పట్టీకి దోపి, 'ఫూ' అని బలంగా ఊది నీరు చిమ్మి, మొదటి శ్వాస మెల్లగా తీసుకోవాలి. పదిసార్లు చేస్తే చేతికి అదే వస్తుంది. పక్కనున్న పిల్లలు తిమింగలం వచ్చిందని నవ్వితే నవ్వనీయండి.